మా యింటి పాత మోటారు సైకిలు

పాతబడిన వస్తువు లింటిలో నున్నచో వానికి గతులు రెండే యని మన స్త్రీలలో నొక తలంపు కలదు. ఇత్తడి, రాగి సామానులైనచో చింతపండుతో తోమి మరల వాడుకొనుట. ఇనుప సామానులైనచో వీధిలోనికి వచ్చిన తుక్కువానికి తూచి యిచ్చుట. మేమును మొన్నటివరకు నట్లే తలంచియుంటిమి. పెరటి రేకుల పాకలో ఇరువదిరెండేండ్లు పడియున్న మోటారు సైకిలు నొకదానిని మరల రోడ్డు మీదికి తెచ్చు పనిలో ఏడాదికి పైగా గడపిన పిదప మా తలంపు మారినది. ఇనుమును బాగుచేయించుట కష్టమే గాని, కాగితములను బాగుచేయించుట యంతకంటె కష్టమనియు, ఆ కాగితము లుండుట లేకుండుట యింటి యాడువారి పెట్టెలపై నాధారపడి యుండుననియు మాకు తెలియవచ్చినది. అందుచేత నీ సంగతి సోదరీమణులకు వ్రాయుచున్నాము.

మాది సాలూరు. వేగావతీ నది యొడ్డున, తూర్పు కనుమల పాదమున నున్న చిన్న పట్టణము. ఇచ్చటినుండి ఘాటు రోడ్డెక్కినచో కొరాపుట్టు, జయపురము మీదుగా రాయపూరు వరకు పోవచ్చును. ఈ దారియే మా యూరిని లారీల యూరుగా చేసినది. లారీ కొనువారు ఇంజనుతో కూడిన చట్రమును మాత్రము కొని తెత్తురు. దానిపై కొయ్యతోను ఇనుముతోను బాడీ కట్టి, రంగులు వేసి, వెనుక తలుపుపై పేర్లు వ్రాసి పంపుట మా యూరి పనివారి విద్య. వడ్రంగి, వెల్డింగు చేయువాడు, లేతు పనివాడు, రేకు సాపుచేయు టింకరు, రంగులవాడు, అందరును కేక వేసినంత దూరములోనే యుందురు. అంత పెద్ద బండ్లకు బాడీ కట్టు చేతులకు మోటారు సైకి లొక యాటవస్తువని మే మనుకొంటిమి. అది పొరపాటైనది.

ఆ బండి మా మామగారిది. ఆయన ఉపాధ్యాయులు, పాచిపెంట, మక్కువ ప్రక్కల కొండ గ్రామముల బడులలో పనిచేసిరి. 1967లో రిజిస్టరైన జావా బండి యది. ఒక కంట్రాక్టరు రెండేండ్లు వాడుకొన్న తరువాత మామగారు దానిని కొనిరి. అత్తగారి చేతి గాజులు రెండు దానికొరకే పోయినవన్న సంగతి మాయింట నందరకు తెలియును. ఆమె మాత్ర మెన్నడు చెప్పలేదు.

జావా యనగా ద్వీపమునకు సంబంధించిన పేరేమో యని మేము చాలకాలము భ్రమపడితిమి. కాదు. చెకోస్లొవేకియా దేశస్థుడైన యానెచెక్ అను నాయన 1929లో వాండరర్ అను జర్మను కంపెనీ నుండి మోటారు సైకిళ్లు చేయు హక్కును కొని, తన పేరునుండియు ఆ కంపెనీ పేరునుండియు ఇంగ్లీషు వ్రాతలోని మొదటి రెండేసి యక్షరములు తీసి కలిపి యీ పేరు పెట్టెను. మన దేశమున మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961 నుండి వీనిని తయారుచేసినది. తరువాత అవే ఎజ్డీ యను పేరుతో వచ్చినవి. ఆ కార్ఖానా 1996లో మూతపడినది. 2018లో జావా పేరు మరల బజారులోనికి వచ్చినది గాని, ఆ కొత్త బండ్ల సామాను పాతవానికి పనికిరాదు. ఇంజను 249 ఘనపు సెంటీమీటర్లది; సిలిండ రొక్కటే యైనను సైలెన్సర్లు రెండు. కిక్కు కొట్టునదియు గేరు మార్చునదియు నొకటే కడ్డీ. దానిని లోపలికి నొక్కి పైకి త్రిప్పినచో కిక్కగును, క్రిందికి దింపినచో గేరగును. తాళపుచెవి మేకువలె నుండును. చెవి పోయిననాడు మామగారు నిజముగా మేకుతోనే బండి నడపిరని చెప్పుకొందురు.

మామగారు 2001లో కాలము చేసిరి. బండి పాకలో చేరినది. కోళ్లు దానిపై గ్రుడ్లు పెట్టుచుండెను. 2023 వేసవిలో గాలివానకు పాక కప్పు లేచిపోయినప్పుడు మా మరిది, “వదినగారూ, ఇంకెందుకీ తుక్కు? తూకానికి ఇచ్చేద్దాం” అనెను. తుక్కువాడు నాలుగువేలు చెప్పెను. అది మా యమ్మాయి హాస్టలు రుసుము కట్టవలసిన నెల. దాచనేల, మేమును సరే యంటిమి.

అత్తగారు ఏమియు పలుకక లోనికి పోయి తన పెట్టె తెరచి, పెండ్లినాటి పట్టుచీర మడతలోనుండి యొక గుడ్డమూట తెచ్చి మా ముందు పెట్టిరి. దానిలో బండి రిజిస్ట్రేషను పుస్తకము, పన్ను కట్టిన రసీదులు, బీమా కాగితములు, 1997లో మామగారు రిజిస్ట్రేషనును మరల చేయించిన ముద్ర, అన్నియు నుండెను. “ఆయన పోయినప్పుడు అందరూ పొలం కాగితాలు ఎతికినారు. దీన్ని ఎవరూ అడగలేదు. ఒక్కసారి నా పేరున రాయించండి. తరవాత అమ్ముకోండి” అనిరి. డెబ్బదెనిమిదేండ్ల వయసున ఆమె కోరిన మొదటి కోరిక యది. ఆ గాజుల మాట మా మనసులో మెదలెను. మరిది తల వంచుకొనెను. తుక్కువానిని పంపివేసితిమి.

ఇచ్చట చట్టము మాట కొంచెము చెప్పవలెను. ఇంటి యజమాని పోయినప్పుడు పొలము, ఇల్లు, బ్యాంకు పుస్తకము మాత్రమే మనకు గుర్తువచ్చును, బండి గుర్తురాదు. కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము బండి యజమాని మరణించినచో, వారసులు ముప్పది దినములలో ఆ సంగతిని, తాము బండి వాడుకొనదలచిన సంగతిని రవాణా కార్యాలయమునకు తెలిపి, మూడు నెలలవరకు దానిని వాడుకొనవచ్చును. ఆ మూడు నెలలలోనే 31వ నంబరు ఫారముపై తమ పేరునకు మార్చుకొనవలెను. ఇది తెలియక పోయినవారి పేరుననే బండ్లు నడపువారు మా వీధిలోనే నలుగురున్నారు. ప్రమాదము జరిగిననాడు బీమా కంపెనీ యడుగు మొదటి ప్రశ్న బండి యెవరిదని. 2021లో వచ్చిన సవరణచే రిజిస్ట్రేషను పత్రములోనే యజమాని తన తరువాత బండి యెవరికి చెందవలెనో ఆ నామినీ పేరు వ్రాయించు వీలు కలిగినది. భర్త కొత్త బండి కొనునప్పుడు మిఠాయి పంచుటకు ముందు ఆ గడి నింపబడినదో లేదో చూచుకొనుడు.

మా విషయమున మూడు నెలలు గాదు, ఇరువదిరెండేండ్లు గడచినవి. మరణ ధ్రువపత్రము, తహసీల్దారు ఇచ్చు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, కొడుకు లిద్దరు తమకు అభ్యంతరము లేదని వ్రాసి యిచ్చిన పత్రములు కూర్చుకొంటిమి. అంతటితో పోలేదు. ఈ బండి యిల్లు కదలకుండనే మూడు జిల్లాలు తిరిగినది! 1967లో సాలూరు శ్రీకాకుళము జిల్లాలో నుండెను. 1979లో విజయనగరము జిల్లా యేర్పడగా దానిలో చేరినది. 2022 ఏప్రిలు నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో నున్నది. పుస్తకములోని మొదటి ముద్ర యొకచోటిది, రెండవ ముద్ర మరియొకచోటిది. పాత చేతివ్రాత రిజిస్టరులోని వివరములు కంప్యూటరులోని కెక్కనిదే యే దరఖాస్తును కదలదు. ఒక కార్యాలయమువారు మరియొక కార్యాలయమునకు పొమ్మనిరి. అచ్చటివారు మరల మొదటి చోటికే పొమ్మనిరి. అత్తగారి మూటలోని రసీదులే లేకున్నచో మే మచ్చటనే చేతులు ముడుచుకొందుము. ప్రతి రసీదుమీదను బండి నంబరును, తారీఖును, కార్యాలయపు ముద్రయు నుండెను. వానిని చూచిన యొక వృద్ధ గుమాస్తా కండ్లజోడు సవరించుకొని, “ఇవి దాచిన చేతులకు దండం పెట్టాలమ్మా” అని రిజిస్టరు వెదకుటకు లేచెను.

కాగితము లట్లు నడచుచుండగా బండి పనియు మొదలుపెట్టితిమి. మొదట నిచ్చిన షెడ్డులో లారీ బోల్టులు విప్పుటకు అలవాటుపడిన కుర్రవాడు, బిగుసుకొనిపోయిన కిక్కు కడ్డీని బలముకొద్ది తొక్కి లోపలి పండ్లచక్రమును విరుగగొట్టెను. తుప్పుపట్టి పట్టుకొన్న ఇంజనును బలముతో కదపరాదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రము గుండ సిలిండరులో డీజిలును ఇంజను నూనెను కలిపి పోసి, దినములకొలది నాననిచ్చి, మెల్లగా నటునిటు కదపవలెను. ఊరబెట్టిన పప్పునకును ఊరబెట్టని పప్పునకును గల భేద మెరిగిన మనకు ఈ సూత్రము చెప్పనక్కరలేదు. ఆ కుర్రవానికే చెప్పవలసియుండెను.

తరువాత ముసలి మెకానిక్కు ఒకడు దొరకెను. మా మామగారి కాలమున జావాలు బాగుచేసిన చేయి యది. ఇంజనుపై చెవి యుంచి కడ్డీని వ్రేళ్లతో కదిపి, “బండి సచ్చిపోలేదమ్మా, తొంగున్నాది” అనెను. మా యూరు సంగీతమునకును పేరుపడినదే. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గురువులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు సాలూరు చినగురువుగారనియే ప్రసిద్ధులు. ఆ నేలలో పుట్టుటచే గాబోలు, ఈ ముసలివాడును ఇంజను శ్రుతిని చెవితోనే పట్టును. అంతయు బిగించి మొదటిసారి అంటించినప్పుడు ఇంజను ఆక్సిలరేటరు త్రిప్పకుండనే ఒక్కసారిగా రయ్యిమని లేచినది. మేము సంతోషముతో చప్పట్లు కొట్టుచుండగా వాడు చటుక్కున ఆపివేసి, “సీలు గాలి పీలుస్తన్నాది” అని మరల విప్పెను. ఇట్టి ఇంజనులో పెట్రోలు, గాలి మొదట క్రింది అరలోనికి పోయి యచ్చటినుండి పైకి వచ్చును. ఆ యరకు ఇరువైపుల నుండు రబ్బరు సీళ్లు ఏండ్ల తరబడి యెండి పగిలినచో బయటి గాలి లోనికి దూరును. పెట్రోలు పాలు తగ్గి ఇంజను మితిమీరి వేడెక్కి పిస్టను పట్టుకొనును. పది రూపాయల వస్తువువంటి ఆ సీలు మాట మరచి పిస్టనుకు వేలు పోయువారు చాలమంది గలరట.

సిలిండరు లోపలి బోరు 65 మిల్లీమీటర్లు. తుప్పు తిన్నచోట గీతలు పడియుండుటచే దానిని లేతుమీద కొంచెము పెద్దదిగా కోయించి, ఆ కొలతకు తగిన పిస్టను తెప్పించవలసి వచ్చినది. మొదట తపాలాలో వచ్చిన రింగులు కొలతకు సరిపడక తిరిగి పంపితిమి, రెండవసారి కుదిరినవి. రిమ్ములకు, సైలెన్సర్లకు క్రోము పూత విశాఖపట్టణమున వేయించితిమి. సైలెన్సర్లలో పేరుకొన్న మసి తీయగా తట్టెడు వచ్చెను.

పెట్రోలు ట్యాంకు తుప్పునకు అత్తగారు చింతపండు పులుసు పోయుడనిరి. మెకానిక్కు నవ్వెను. అయినను మేమొక రాత్రి పోసి చూచితిమి. ఉదయమున ఎర్రని నీరు చాలనే దిగినది. వాడు నవ్వు మాని, మిగిలిన గట్టి తుప్పునకు తన మందు పోసి పూర్తిచేసెను. పిమ్మట వంటసోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి, లోపల నూనె తిప్పవలెను. తడి నిలిచినచో తెల్లవారునప్పటికి మరల తుప్పు పొడసూపును. ఇంకొక మాట. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లవరకు ఇథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చుకొనును, పాతకాలపు రబ్బరును మెత్తబరచును. అందుచేత గొట్టములు, వాషర్లు కొత్తరకమువి వేయించితిమి. నెలల తరబడి ట్యాంకు నింపి యుంచుట మానితిమి. జావాకు పెట్రోలులోనే నూనె కలుపవలెను, లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్లు. బంకులో కుర్రవాండ్రకు ఈ సంగతి తెలియదు. నూనె సీసా మనమే తీసికొని పోవలెను.

రంగు విషయమున మాయింట వాదము జరిగినది. మా యబ్బాయి నలుపు కావలెననెను. పుస్తకములో ముదురు ఎరుపని వ్రాసియున్నది. రిజిస్ట్రేషనులో వ్రాసిన వివరములకు భిన్నముగా బండిని మార్చినచో దానికి వేరుగ అనుమతి పొందవలెను. కావున పాత రంగే నిలిచినది. వాడు రెండు దినములు మాతో మాటలాడలేదు.

అసలు గండము అటుపిమ్మట వచ్చినది. బండిని తనిఖీకి తీసికొనిపోవునప్పుడు చట్రముమీద చెక్కిన సంఖ్యయు, ఇంజనుమీది సంఖ్యయు పుస్తకములోని వానితో సరిపోవలెను. ఇంజను సంఖ్య తేటగా నున్నది. చట్రము సంఖ్యలో నొక యంకె తుప్పు తినివేయగా అది మూడో యెనిమిదో తెలియకుండెను. ఈ సంగతి యెట్లు పొక్కినదో గాని, మధ్యవర్తి యొకడు ఇంటికి వచ్చి, “ఎందుకమ్మా ఈ తిప్పలు? అంకె కొత్తగా గుద్దించేద్దాం. లేదంటే ఇదే ఏడాది బండి కాగితాలు వేరేవి ఉన్నాయి, వాటి నంబరు దీనికి వేసేద్దాం. రెండు రోజుల పని” అనెను. అడిగిన సొమ్ము మేము రవాణా కార్యాలయముల చుట్టు తిరుగుటకు పెట్టిన ఖర్చుకంటె తక్కువ. మరిది మాముఖము చూచెను, మేము అత్తగారి ముఖము చూచితిమి. “వేరే బండి నంబరైతే అది ఆయన బండి ఎలాగవుతుంది?” అని మాత్ర మనిరి. చట్టమును అదే చెప్పుచున్నది. చట్రము సంఖ్యను చెరపుట, మార్చుట నేరము. అట్టి బండి పట్టుబడిననాడు దొంగబండితో సమానమే.

మెకానిక్కు ఆ చోటును ఆకురాయితో ముట్టనీయలేదు. కిరసనాయిలుతో తడిపి, మెత్తని గుడ్డతో తుడిచి, తుప్పు కరగించు మందు చుక్క చుక్కగా వేసి రెండు దినము లుంచెను. పిమ్మట పలుచని కాగిత మానించి పెన్సిలుతో రుద్దితిమి. చిన్ననాడు నాణెముపై కాగితము పెట్టి రుద్దినప్పుడు రాజుగారి బొమ్మ తేలినట్లు, అంకెలు వరుసగా తేలినవి. ఆ యంకె ఎడమ ప్రక్క సన్నని వంపు కనబడెను. ఎనిమిది! పుస్తకములోను ఎనిమిదే. ఇట్టి పెన్సిలు అచ్చు కాగితమునే కార్యాలయమువారును దరఖాస్తుతో కోరుదురు. మేము నాలుగు తీసి దాచితిమి.

ఇప్పుడు దారులు రెండు కనబడినవి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనములకొరకు ప్రత్యేక నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషనై యేబదేండ్లు దాటి, చట్రము, ఇంజను, బాడీ ముఖ్యముగా మారక, మొదటి రూపముననే యున్న రెండు చక్రముల బండ్లును కార్లును వీని క్రిందికి వచ్చును. కొత్తగా ఈ తరగతిలో రిజిస్టరు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లును, మరల చేయించుటకు 5,000. పాత నంబరున్నవారు దానినే యుంచుకొనవచ్చును. లేనివారికి నంబరులో వి.ఎ. అను నక్షరములు వచ్చును. వినుటకు గౌరవముగనే యున్నది. కాని అట్టి బండిని నిత్యము వాడరాదు. ప్రదర్శనలకు, పాత బండ్ల ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవలెను. మా మరిది కీ మార్గము నచ్చినది. అత్తగారు, “చూపులకు పెట్టుకోడానికి ఇది బొమ్మల కొలువా?” అనిరి. మా యభిప్రాయమును అదే. కావున మామూలు మార్గముననే, అనగా పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషనును మరల చేయించు పద్ధతిన, దరఖాస్తు చేసితిమి. అప్పుడు మోటారు సైకిలునకు ఆ రుసుము 1,000 రూపాయలు. 2025 ఆగస్టునుండి ఇరువదేండ్లు దాటినవానికి 2,000 చేసిరి. ఆలస్యమునకు నెలల లెక్కన అదనముగా పడునది వేరు, హరిత పన్ను వేరు. మాకు రుసుముకంటె ఈ ఆలస్యపు సొమ్మే బరువైనది. అన్నియు గలిసి, బండి పనితో సహా, మా లెక్కల పుస్తకములో అరువదివేలు దాటినవి. ఏడాదిలో కొంచెము కొంచెముగా నగుటచే నిలదొక్కుకొంటిమి.

తనిఖీకి ముందు బీమా, పొగ పరీక్ష కావలెను. ఇట్టి ఇంజను పెట్రోలుతోబాటు నూనెయు మండించును గాన పొగ తప్పదు. అందుచేతనే 2000 మార్చికి ముందు తయారైన బండ్లకు పరిమితి కొంత సడలించియున్నారు, కార్బన్ మోనాక్సైడు నూటికి నాలుగున్నర, మండని ఇంధనపు ఆవిరి పదిలక్షల పాళ్లలో 9,000. మా బండి సరిపోయినది గాని, ఆ పొగ పీల్చిన మేము దానిని ప్రతిదినము వాడరాదని మనసులో నిశ్చయించుకొంటిమి. నెలకు నాలుగుసార్లు చాలును.

ఇక స్త్రీలకు ముఖ్యమైన దొకటి. కేంద్ర నియమములలో 123వది మోటారు సైకిలుపై వెనుక కూర్చుండువారి కొరకు చేసినది. పట్టుకొనుటకు పిడి, కాళ్లు పెట్టుకొనుటకు మెట్టు, వెనుక చక్రమున సగమునకు తక్కువగాకుండ కప్పునట్టి అడ్డు, ఈ మూడు నుండవలెను. ఆ యడ్డు చీర కుచ్చిళ్లు, చున్నీలు చువ్వలలో చిక్కుకొనకుండుటకే. చాలమంది కుర్రవాండ్రు అందము చెడునని దానిని విప్పివేయుదురు. మా బండికి పాత అడ్డు తుప్పుపట్టి విరిగిపోయియుండగా, లారీ బాడీలు కట్టు వెల్డింగు పనివాడు ఇనుప కడ్డీలతో అల్లి కొత్తది చేసి యిచ్చెను. లారీకి వేసినట్లే గట్టిగా వేసెను. ఏనుగు కూర్చున్నను వంగదు. తనిఖీ చేసిన అధికారి దానినే ముందు చూచి, చేతితో ఊపి చూచి నవ్విరి.

2024 ఆగస్టులో కొత్త పత్రము ఇంటికి వచ్చినది. నంబరు పాతదే. యజమాని యను చోట అత్తగారి పేరు. ఆమె కండ్లద్దములు పెట్టుకొని తన పేరును అక్షర మక్షరముగా చదివి, పుట్టింటి ఇంటిపేరు గాక అత్తింటి ఇంటిపేరు వేసినారేమని యొక్క ప్రశ్న వేసి, దానిని పట్టుచీర మడతలోనే పెట్టిరి. అమ్మెదమా యని మరిది యడుగలేదు, మేమును అడుగలేదు.

ఆ యాదివారము మా యబ్బాయి బండి తీసెను. అత్తగారికి హెల్మెట్టు తలకు పట్టలేదు, కొప్పు అడ్డమైనది. కొప్పు విప్పి జడ వేసికొనిరి. పిడి పట్టుకొని, కుచ్చిళ్లు అడ్డుమీద సరిచేసికొని, “మెల్లగా పోనీ రా” అనిరి. పాచిపెంట దారిలో నాలుగు కిలోమీటర్లు పోయి, మామగారు నీళ్లు త్రాగుటకు ఆగుచుండిన చెట్టువరకు పోయి వచ్చిరి. వచ్చినతోడనే బ్రేకు కొంచెము వదులుగా నున్నదని మెకానిక్కునకు కబురు పంపిరి.